ఆయిలుకీ, కూలెంటుకీ, యాసిడ్‌కీ ఒకటే రంపపు పొట్టు వాడుతున్నాం. మార్చాలంటే ఏం కొనాలి?

ఆటోనగర్ స్టోర్స్ అడిగినది:

అందరికీ నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్, మెషినింగ్ షాపులో స్టోర్సు నేను చూస్తాను. పరవాడ, అచ్యుతాపురం వైపు ఫార్మా కంపెనీలకి స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులు, షాఫ్టులు, ఫ్లాంజిలు చేస్తాం. మా దగ్గర నేల మీద ఏది ఒలికినా ఒకటే వైద్యం, రంపపు పొట్టు. దగ్గర్లోని కర్రల అడితి నుంచి బస్తాల్లో వస్తుంది, డబ్బులు కూడా పెద్దగా ఇవ్వక్కర్లేదు. షాపులో ఏ మూల చూసినా ఒక పొట్టు గంప ఉంటుంది.

మొన్న పిక్లింగ్ షెడ్లో, అంటే స్టెయిన్‌లెస్‌ని యాసిడ్‌తో శుభ్రం చేసే చోట, యాసిడ్ క్యాను పక్కకి ఒరిగి, చాటంత మడుగు కట్టింది. హెల్పర్ కుర్రాడు అలవాటు కొద్దీ గంప ఎత్తుకుని పరిగెత్తాడు. మా ఫోర్‌మన్ గారు గబుక్కున వెళ్లి గంప లాగేసుకున్నారు. "పొట్టు వెయ్యకురా, పొగలొస్తాయి" అన్నారు. తర్వాత నీళ్లు పెట్టి కడిగేశారు. ఎందుకు వెయ్యకూడదని నేను అడిగితే "నైట్రిక్కి పొట్టు తగలకూడదమ్మా, నాకు పని నేర్పినాయన చెప్పాడు" అన్నారు. అంతకు మించి ఆయనకీ తెలియదు. ఇన్నాళ్లూ ఆ షెడ్లోనూ ఒక గంప పెట్టించింది స్టోర్సే కదా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు కస్టమర్ ఆడిట్ వస్తోంది. స్పిల్ కిట్, అంటే ఒలికినదాన్ని ఎత్తే సామాను, ఉండాలన్నారు. ఒక సప్లయరు బూడిదరంగు ప్యాడ్లు తెచ్చి చూపించాడు. "ఇది యూనివర్సల్ అండి, అన్నిటికీ ఇదొక్కటే" అంటున్నాడు. ఓనరు గారికి ఆ మాట నచ్చింది, ఒకటే ఐటమ్ అయితే కొనడం తేలిక కదా. ఖర్చు ఎందుకు, అప్పికొండ బీచి నుంచి ట్రాక్టరు ఇసుక తెచ్చుకుందాం అని వర్కర్లు అంటున్నారు.

మా దగ్గర ఒలికేవి ఇవీ: హైడ్రాలిక్ ఆయిలు, లేత్‌ల కూలెంటు (లోహం కోసేటప్పుడు చల్లబరిచే ద్రవం), పెయింట్ షెడ్లో థిన్నరు, ఫోర్క్‌లిఫ్ట్ బ్యాటరీ యాసిడ్, పిక్లింగ్ యాసిడ్, పిక్లింగ్ పేస్టు. దేనికి ఏది వాడాలో, ఏది అస్సలు వాడకూడదో తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. ఓనరు గారికి నేను కారణాలతో సహా చెప్పాలి.

మల్కాపురం సేఫ్టీ రాసినది:

అమ్మా, ముందు మీ ఫోర్‌మన్ గారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన ఆ గంప లాక్కోవడం వల్ల ఆ కుర్రాడి ఊపిరితిత్తులు బాగున్నాయి. నేను ఇక్కడి పరిశ్రమల్లో సేఫ్టీ పనిలోనే రిటైరయ్యాను. మీ ప్రశ్నకి నాకు తెలిసినంతా రాస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

పీల్చే సరుకు ఏదైనా ద్రవాన్ని మాయం చెయ్యదు. యాసిడ్ పీల్చిన పొట్టు యాసిడే, థిన్నరు పీల్చిన గుడ్డ థిన్నరే. అందుకని ఏది ఎక్కువ పీలుస్తుందన్నది రెండో ప్రశ్న. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందన్నది మొదటి ప్రశ్న.

నైట్రిక్ సంగతి. అది మామూలు యాసిడ్ మాత్రమే కాదు, ఆక్సిడైజర్ కూడా, అంటే మండే సరుకుని మండించేది. రంపపు పొట్టు, గోనె, కాటన్ వేస్టు, కాగితం, కొబ్బరి పొట్టు ఇవన్నీ దానికి ఇంధనం. గాఢమైన నైట్రిక్ పొట్టు మీద పడితే వేడెక్కుతుంది, ఎర్రగా, గోధుమరంగులో పొగ లేస్తుంది. అది నైట్రోజన్ డయాక్సైడ్. పీల్చినప్పుడు కాస్త దగ్గు వచ్చి తగ్గినట్టే ఉంటుంది. మనిషి ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకుంటాడు. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. అందుకే ఆ పొగ పీల్చినవాణ్ణి బాగున్నాను అన్నా సరే ఆసుపత్రికి పంపాలి, రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలి. ఇంకో సంగతి, పొగ రాలేదు కదా అని ఆ పొట్టుని ఎత్తి చెత్తడబ్బాలో వేస్తే అక్కడ నెమ్మదిగా వేడెక్కి అంటుకోవచ్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్, గాఢమైన హైపో (సోడియం హైపోక్లోరైట్), వీటి దగ్గరా పొట్టు గంప ఉండకూడదు.

ఇక మీరు రాసిన వాటిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది ఆ పిక్లింగ్ పేస్టు. స్టెయిన్‌లెస్‌కి వాడే పేస్టులో సాధారణంగా నైట్రిక్‌తో పాటు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కూడా ఉంటుంది. డబ్బా మీద లేబులు ఇవాళే చదవండి. ఉంటే గనక దాని మీద ఇసుక కూడా వెయ్యకూడదు. యాసిడ్ అనగానే ఇసుక వెయ్యాలని మనందరికీ నోటికి వచ్చేస్తుంది. కానీ ఇసుకలో ఉన్నది సిలికా. మట్టి గుళికలు, వెర్మిక్యులైట్ కూడా సిలికేట్లే. హైడ్రోఫ్లోరిక్ గాజునే తినేసే యాసిడ్, సిలికాతో కలిసి సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ అనే విషవాయువు పుట్టిస్తుంది. అంటే మీ షెడ్లో పొట్టూ పనికిరాదు, ఇసుకా పనికిరాదు.

మరి ఏం పెట్టాలి? హైడ్రేటెడ్ లైమ్, అంటే నీళ్లు పట్టించి పొడి చేసిన సున్నం. రాళ్ల సున్నం మాత్రం కాదు, అది తడి తగలగానే కుతకుతలాడుతుంది. ఆ పొడిని మడుగు అంచుల నుంచి లోపలికి కొద్దికొద్దిగా చల్లుకుంటూ రావాలి. సున్నంలోని కాల్షియం, యాసిడ్‌లోని ఫ్లోరైడ్‌ని పట్టుకుని కరగని కాల్షియం ఫ్లోరైడ్‌గా మారుస్తుంది. తర్వాత పసుపురంగు కెమికల్ ప్యాడ్లు వాడొచ్చు. అయితే ఆ ప్యాడు నైట్రిక్‌కీ, హైడ్రోఫ్లోరిక్‌కీ, మీ దగ్గర ఉన్న గాఢతలో పనికొస్తుందని తయారీదారు రాతపూర్వకంగా ఇవ్వాలి. సప్లయరు నోటిమాట చాలదు. ఇదంతా చిన్న ఒలుకుకే. క్యాను మొత్తం పోతే షెడ్ ఖాళీ చేయించి ఫైర్ సర్వీసుకి ఫోన్ చెయ్యడమే.

ఆ షెడ్లో కాల్షియం గ్లూకోనేట్ జెల్, 2.5 శాతంది, ఉందా? హైడ్రోఫ్లోరిక్ పలచగా ఉంటే చర్మం మీద పడిన వెంటనే మంట తెలియదు. గంటల తర్వాత ఎముక దాకా నొప్పి పుడుతుంది. నీళ్లతో కడిగి వెంటనే ఆ జెల్ రాస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్యాడ్ల ఆర్డరు కన్నా ముందు దీని ఆర్డరు పెట్టండి.

బ్యాటరీ యాసిడ్ తేలిక. అది పలచని సల్ఫ్యూరిక్, ఫుల్ చార్జిలో దాదాపు 37 శాతం. వంటసోడా చాలు. లెక్క కట్టి చెబుతున్నాను, లీటరు యాసిడ్‌కి వంటసోడా సుమారు 800 గ్రాములు కావాలి, సోడా యాష్ అయితే అర కిలో పైన. పొంగుతుంది కాబట్టి గుప్పెళ్లతో, అంచుల నుంచి, కళ్లద్దాలు పెట్టుకుని చల్లాలి. పొంగడం ఆగాక పీహెచ్ కాగితం ముంచి చూడాలి, 6 నుంచి 9 మధ్య వస్తే అప్పుడు తుడవాలి. చార్జింగ్ దగ్గర గుప్పెడు సోడా పెట్టి కిట్ అంటారు చాలామంది. లెక్క చూశారుగా, కనీసం ఐదు కిలోల డబ్బా ఉండాలి.

ఆయిలు, కూలెంటు ఒకటి కాదు. తెల్ల ప్యాడ్లు, ఆయిల్ ఓన్లీ అంటారు, పాలీప్రొపిలీన్‌వి. అవి నూనెని తాగుతాయి, నీళ్లని దగ్గరకి రానివ్వవు. మీ కూలెంటు పాలలా తెల్లగా ఉంటుంది కదా, అందులో నూటికి తొంభై వంతులు, ఆ పైన, నీళ్లే. దాని మీద తెల్ల ప్యాడు వేస్తే పైపైన తేలుతూ కూర్చుంటుంది. కూలెంటుకి బూడిదరంగు యూనివర్సల్ ప్యాడే సరైనది. కానీ లేత్ సంపులో, అంటే కూలెంటు నిలిచే తొట్టిలో, పైన నల్లగా తెట్టుకట్టే స్లైడ్‌వే ఆయిలు (మెషిన్ జారే పట్టాలకి వేసే నూనె) ఉంటుంది చూడండి, దాన్ని తీయడానికి తెల్ల ప్యాడుని మించింది లేదు. రాత్రి మెషిన్ ఆపాక సంపులో వేసి వదిలేస్తే పొద్దుటికి నూనె మాత్రం లాగేస్తుంది, కూలెంటు అలాగే ఉంటుంది.

కొనేముందు సప్లయరు ఎదురుగానే ఒక పరీక్ష చెయ్యండి. బక్కెట్లో నీళ్లు పోసి, ఒక గరిటెడు హైడ్రాలిక్ ఆయిలు వెయ్యండి. అరచేతంత ప్యాడు ముక్క కత్తిరించి దాని మీద పడేయండి. తెల్లది నిజంగా ఆయిల్ ఓన్లీ అయితే నూనె మచ్చ దానివైపు లాక్కున్నట్టు వస్తుంది, ముక్క తేలుతూనే ఉంటుంది. తీసి పిండితే నూనె వస్తుంది, నీళ్లు రావు. మునిగిపోతే అది ఆయిల్ ఓన్లీ కాదు, రంగు తెల్లగా ఉందంతే. ఈ రంగులు వ్యాపారంలో అలవాటుగా వచ్చినవే తప్ప చట్టం కాదు, కాబట్టి రంగు చూసి నమ్మొద్దు.

యూనివర్సల్ అన్న మాటకి అర్థం నూనెకీ, నీళ్లకీ రెండిటికీ పనికొస్తుందని. యాసిడ్‌కి కూడా అని కాదు. పైగా కొన్ని బూడిదరంగు ప్యాడ్లలో కాగితం గుజ్జు ఉంటుంది, అంటే నైట్రిక్ దగ్గర అది మళ్లీ రంపపు పొట్టే. మీ ఓనరు గారికి ఈ ఒక్క వాక్యం చెబితే చాలనుకుంటాను.

థిన్నరు ఒలికితే పీల్చడం మొదటి పని కాదు. వెల్డింగు, గ్రైండింగు ఆపించాలి, షట్టర్లు ఎత్తాలి. ఆ షెడ్లో స్విచ్చులు ఫ్లేమ్‌ప్రూఫ్ కాకపోతే ఫ్యాను కూడా వెయ్యకూడదు, ఆ చిన్న నిప్పురవ్వ చాలు. థిన్నర్లలో ఉండే టోలుయీన్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పంటుకోగలిగే ఉష్ణోగ్రత, 4 డిగ్రీలు, మన విశాఖ ఎండకి ఎప్పుడూ ఆవిరి లేస్తూనే ఉంటుంది. మట్టి గుళికలు గానీ ప్యాడ్లు గానీ మెల్లగా పరచాలి, ఈడ్చకూడదు. పాలీప్రొపిలీన్ రాసుకుంటే స్టాటిక్ పుడుతుంది. తీసినది మూత ఉన్న ఇనుప డ్రమ్ములో, షెడ్ బయట. ఎనామిల్ పెయింట్ తుడిచిన గుడ్డలు కూడా అందులోకే, నీళ్లు పోసి. కుప్పగా వదిలేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి.

జెట్టీ మెకానిక్ రాసినది:

పెద్దాయన అన్నీ చెప్పేశారు. నేను ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల ఇంజిన్లు చూస్తాను, మాకు యాసిడ్ గొడవ తక్కువ, డీజిలు గొడవే. మీరు రాసిందాంట్లో ఎక్కడా కాలవ మాట లేదమ్మా, అందుకు రాస్తన్నాను.

ఆటోనగర్‌లో షాపు ముందు వాననీటి కాలవ ఉంటాది కదా. అది గెడ్డలోకి పోతాది, గెడ్డ సముద్రంలోకి. నూనె ఒలికినప్పుడు అందరూ మడుగు మధ్యలోకి పరిగెత్తి పొట్టు వేస్తారు. ఈలోగా అంచున ఉన్నది పారిపోయి కాలవలో పడతాది. బేగి చెయ్యాల్సిన పని కాలవ మూయడం. సాక్ అంటారు, పొడుగ్గా పాములా ఉంటాది, లోపల పీల్చే సరుకు కూరి ఉంటాది. దాన్ని కాలవ వైపు అడ్డంగా వంచి పెట్టాలి, కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. తర్వాత నింపాదిగా మధ్యలోకి రావొచ్చు.

సాక్ లేకపోతే ఇసక బస్తా అయినా అడ్డంగా పడేయండి. ఇసక పీల్చేది తక్కువే, కట్టలా ఆపడానికి మాత్రం పనికొస్తాది. ఆ పిక్లింగ్ షెడ్‌కి మాత్రం ఒద్దు, పెద్దాయన చెప్పినట్టు.

వానలో పొట్టు అస్సలు ఒద్దు. ముందు నీళ్లు తాగేసి బరువెక్కిపోతాది, నూనెని ఒగ్గేస్తాది, ఆ తర్వాత పొట్టూ నూనే కలిసి కాలవలోకే పోతాయి. ఆరుబయట డీజిలు డ్రమ్ములు పెట్టేవాళ్లకి తెల్ల ప్యాడ్లే గతి. డిటర్జెంటు పోసి కడిగేయడం కూడా ఒద్దు. నూనె కనబడకుండా పోతాది గానీ ఎక్కడికీ పోదు, నీళ్లలో కలిసిపోయి ఇంక ఏ ప్యాడుకీ దొరకదు.

ఆటోనగర్ స్టోర్స్:

పెద్దాయన గారికీ, మెకానిక్ గారికీ చాలా చాలా కృతజ్ఞతలు. లేబులు చూశాను. నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ రెండూ ఉన్నాయి. షెడ్లో గంప ఇవాళే తీయించేశాను. కొత్త సరుకు వచ్చేదాకా పిక్లింగ్ ఆపమని ఓనరు గారిని అడిగితే సరే అన్నారు.

ఇంకో మూడు సందేహాలు. బీచి ఇసుక మిగతా చోట్లయినా వాడొచ్చా? ఎంత సరుకు స్టాకు పెట్టాలి? వాడేసిన నూనె పొట్టుని పక్కన టీ కొట్టువాళ్లు పొయ్యిలోకి పట్టుకెళ్తారు. అది సరైన పనేనా?

మానిఫెస్టు పని చూసేవాడు రాసినది:

చివరి ప్రశ్నకి నేను చెబుతాను, పర్యావరణ కాగితాల పని నాది. సరైన పని కాదండీ, ఇవాళే ఆపండి. ఆ పొగ టీ కొట్టులో కూర్చున్నవాళ్లే పీలుస్తారు. పైగా ఎప్పుడో ఒకరోజు అందులో థిన్నరు గుడ్డ కలిసి వెళ్తుంది, పొయ్యి ముందు కూర్చున్నావిడ మొహం మీదకి మంట లేస్తుంది.

చట్టం కూడా చెబుతాను. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో మొదటి షెడ్యూలులో 33.2 అని ఒక పద్దు ఉంది, కలుషితమైన కాటన్ గుడ్డలు, ఇతర శుభ్రపరిచే సామగ్రి. మీ ప్యాడ్లు, పొట్టు అందులోకి వస్తాయి. వాడేసిన ఆయిలు 5.1, ఆయిలు కలిసిన మడ్డి 5.2. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన ఆథరైజేషన్‌లో ఈ పద్దులు ఉన్నాయో లేదో చూసుకోండి. చాలా చిన్న షాపులు 5.1 రాయించుకుని 33.2 మర్చిపోతాయి. సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ పెట్టకూడదు. డ్రమ్ము మీద ఫారం 8 లేబులు, పంపేటప్పుడు ఫారం 10 మానిఫెస్టు, అంటే వ్యర్థంతో పాటు వెళ్లే రవాణా కాగితం. మన జిల్లాలవాళ్లకి పరవాడ ఫార్మా సిటీలోనే టీఎస్‌డీఎఫ్ (ప్రమాదకర వ్యర్థాలని శుద్ధి చేసి పూడ్చే కేంద్రం) ఉంది కాబట్టి దూరం సాకు లేదు. యాసిడ్ తడిసినవి, థిన్నరు తడిసినవి, ఆయిలు తడిసినవి మూడు వేరు వేరు డ్రమ్ముల్లో పెట్టండి. నైట్రిక్ ప్యాడు వెళ్లి థిన్నరు గుడ్డల మధ్య పడితే షాపులో అది జరక్కపోయినా లారీలో జరుగుతుంది.

మల్కాపురం సేఫ్టీ:

పిక్లింగ్ ఆపించారని చదివి మనసు తేలికపడింది అమ్మా.

బీచి ఇసుక వద్దు. తీరంలో ఇసుక తవ్వడం సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనల ప్రకారమే నిషేధం, అది ఒకటి. అది పక్కన పెట్టినా మీ షాపుకి అది శత్రువు. అందులో ఉప్పు ఉంటుంది, క్లోరైడు తగిలితే స్టెయిన్‌లెస్ మీద పిట్టింగ్, అంటే సన్న గుంటల తుప్పు, వస్తుంది, మీరు ఫార్మాకి పంపే ట్యాంకు మీద అది కనబడితే జాబ్ రిజెక్టే. ఉప్పు వల్ల మన గాలిలో చెమ్మ లాగి ఎప్పుడూ తడిగా ఉంటుంది, అందుకని పీల్చదు కూడా. మన తీరం ఇసుకలో గార్నెట్ రేణువులు ఉంటాయి. గార్నెట్ అంటే షిప్ రిపేర్లలో ప్లేట్ల తుప్పు వదలగొట్టడానికి బ్లాస్టింగ్‌కి వాడేదే. అది లేత్ బెడ్డు మీద, స్లైడ్‌వేల్లో పడితే ఏం చేస్తుందో మీ మెషినిస్టుని అడగండి. అసలు లేత్‌ల దగ్గర ఏ ఇసుకా వద్దు, ప్యాడ్లే.

స్టాకు ఎంత అంటే, ప్రతి చోటా ఒకేసారి పోగలిగిన పెద్ద పాత్ర ఏదో చూడండి. హైడ్రాలిక్ ఆయిలుకి అది 200 లీటర్ల డ్రమ్ము. మొత్తం ప్యాడ్లతో పీల్చాలంటే ఖర్చు. అందుకే డ్రమ్ముల్ని డ్రమ్ము పరిమాణానికి 110 శాతం పట్టే ట్రేలో నిలబెట్టండి, అప్పుడు ప్యాడ్లు ట్రే బయట పడినదానికే. సుమారు 40 సెంటీమీటర్లకి 50 సెంటీమీటర్ల ప్యాడు మందాన్ని బట్టి ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. మట్టి గుళికలు చాలాసార్లు తమ బరువంత కూడా తాగవు. అందుకని కిలో ధర పోల్చకండి. లీటరు ద్రవం ఎత్తడానికి ఎంత అవుతుంది, ఎత్తినదాన్ని టీఎస్‌డీఎఫ్‌కి పంపడానికి ఎంత అవుతుంది, ఈ రెండూ కలిపి ఓనరు గారికి చూపించండి. బస్తా మట్టి చవగ్గా కనబడుతుంది, కానీ అక్కడ తూకానికి డబ్బు కట్టేటప్పుడు తేడా తెలుస్తుంది.

రంపపు పొట్టుని పూర్తిగా మానేయమని నేను చెప్పను. వెల్డింగుకీ, యాసిడ్‌కీ దూరంగా, పైకప్పు కింద, సిమెంటు నేల మీద ఉత్త ఆయిలు ఒలికితే అది మంచి సరుకే. వేసి పది పదిహేను నిమిషాలు వదిలి, గట్టి చీపురుతో నేలకి రుద్ది, తీసి, మళ్లీ కొత్త పొట్టుతో రెండోసారి రుద్దాలి. మొదటిసారి ఊడ్చాక కంటికి ఆరినట్టే కనిపిస్తుంది, కాలు పెడితే జారుతుంది. మన షాపుల్లో నడుములు విరిగేది ఎక్కువగా అక్కడే. గంప మీద పెద్ద అక్షరాలతో "ఆయిలుకి మాత్రమే" అని తెలుగులోనూ, మీ కుర్రాళ్లలో ఒడిశా, బీహార్ వాళ్లుంటే వాళ్లకి వచ్చిన భాషలోనూ రాయించండి.

ఆటోనగర్ స్టోర్స్:

ఇండెంటు రాశాను. లేత్‌ల దగ్గర బూడిదరంగువీ తెల్లవీ, డ్రమ్ముల దగ్గర సాకులు, చార్జింగ్ దగ్గర సోడా, పిక్లింగ్ షెడ్‌కి సున్నం, కెమికల్ ప్యాడ్లు, జెల్. టీ కొట్టావిడకి అడితి నుంచి నూనె లేని పొట్టు నేనే ఇప్పిస్తానని చెప్పాను. ఒక్కటే మిగిలింది. ఆ జెల్ ఖరీదైనదని ఓనరు గారు ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేద్దామంటున్నారు.

మల్కాపురం సేఫ్టీ:

వద్దమ్మా. షెడ్లోనే, కడుక్కునే కుళాయి పక్కన, ఎండ తగలని పెట్టెలో, తాళం లేకుండా. ట్యూబులు రెండైనా ఉండాలి, ఎక్స్‌పైరీ తేదీ పెట్టె పైన పెద్దగా రాయించండి. మనిషి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఒక ట్యూబు, పేస్టు డబ్బా సేఫ్టీ డేటా షీటు అతనితో పాటే వెళ్లాలి. మీకు దగ్గరలో ఉన్న ఆసుపత్రికి ముందే ఒకసారి వెళ్లి, ఈ యాసిడ్ మా దగ్గర ఉంది, కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షను మీ దగ్గర ఉందా అని క్యాజువాల్టీలో అడిగి రండి. లేదంటే ఉన్న ఆసుపత్రి ఏదో కనుక్కుని దాని నంబరు ఆ పెట్టె మీదే రాయండి.